వాన పడితే భయం, పై పోర్షన్ వాళ్ళని చూస్తే కోపం. ప్రార్థన చేసినా తగ్గట్లేదు

సూదీదారం
13 ఆగస్టు 2025, రాత్రి 11:48

అందరికీ వందనాలు. ఇక్కడ మీరంతా రాసేవి చదవడమే గాని నేనెప్పుడూ రాయలేదు. ఇవాళ నిద్ర పట్టక రాస్తున్నాను. బయట వాన.

మాది బెజవాడ సింగ్‌నగర్. కింద పోర్షన్‌లో అద్దెకుంటాం. రెండు మిషన్లు పెట్టుకుని బ్లౌజులు కుడతాను, చీరలకి ఫాల్స్ వేస్తాను. పోయినేడు బుడమేరు వాగు మా మీద పడ్డ సంగతి మీకు తెలిసిందే. ఆగస్టు 31 శనివారం. మర్నాడు సెప్టెంబరు మొదటి ఆదివారం, గుళ్ళో ప్రభు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం పంచుకునేది. తెల్లచీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసి పడుకున్నాను. ఇంకా పూర్తిగా తెల్లారకముందే మా చిన్నాడు లేపి "అమ్మా, నా చెప్పులు వెళ్ళిపోతున్నాయి" అన్నాడు. కాలు కింద పెడితే చీలమండ దాకా నీళ్ళు. మిషన్ మోటారు విప్పి పైన పెడదామని చూసేలోగా మోకాళ్ళ దాకా వచ్చేశాయి.

మేడ మెట్లకి గ్రిల్ గేటు ఉంది. తాళం పై పోర్షన్ వాళ్ళ దగ్గర. ఇల్లు వాళ్ళదే. మా సంఘమే, గుళ్ళో మాకు రెండు వరసల ముందు కూర్చుంటారు. గ్రిల్ పట్టుకుని పిలిచాం. ఊపాం. పైన సెల్ లైటు కదలడం నా కళ్ళతో చూశాను. ఎవరూ దిగలేదు. నడుము దాటాక ఎదురింటి సాయిబుగారు వాళ్ళ గోడ మీంచి నిచ్చెన వేసి మా ముగ్గుర్నీ లాక్కున్నారు. మూడు రోజులు వాళ్ళ డాబా మీదే. ఒక్క దుప్పటి కింద ఏడుగురం.

ఏడాది కావస్తోంది. అడ్వాన్సు కట్టి ఇంకో ఇంటికి మారే స్తోమత లేక అక్కడే ఉన్నాం. ప్రభుత్వం మునిగిన కింద పోర్షన్లకి 25 వేలు, పై వాళ్ళకి 10 వేలు ఇచ్చింది కదా. వాళ్ళకి ఆ పది వేలు పడ్డాయని తెలిసిన రోజు ఆంటీగారు మెట్లు దిగుతుంటే జారి పడితే బాగుండు అనుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి.

అప్పట్నుంచీ బల్లలో పాలుపంచుకోవడం మానేశాను. మత్తయి 5:23 గుర్తొస్తుంది, అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు సమాధానపడమని. సమాధానం నా వల్ల కావట్లేదు. చిన్నాడికి ఎనిమిదేళ్ళు. మబ్బు పడితే చాలు, స్కూలు బ్యాగు, బూట్లు అటక మీద పెట్టేసి వచ్చి నా పక్కన పడుకుంటాడు. ఇప్పుడూ అటక మీదే ఉన్నాయి.

ఏం చెయ్యమంటారు?

వాక్యం_చాలు
14 ఆగస్టు, ఉదయం 5:20

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. భయం అంటే విశ్వాసం లేకపోవడమే. బైబిల్లో "భయపడకుడి" అన్న మాట సరిగ్గా 365 సార్లు ఉంది, రోజుకొకటి చొప్పున. 2 తిమోతి 1:7 ప్రకారం దేవుడు మనకి భయంగల ఆత్మ ఇవ్వలేదు. మూడు రోజులు ఉపవాసం ఉండండి. పై వాళ్ళని ఇప్పుడే, ఈ క్షణమే క్షమించేయండి. బాబు మీద చెయ్యి పెట్టి భయపు ఆత్మని గద్దించండి. విడుదల వస్తుంది.

ఆదివారం_మాత్రమే
14 ఆగస్టు, ఉదయం 7:02

బ్రదర్, లీపు సంవత్సరంలో ఒకరోజు భయపడొచ్చన్నమాట.

అక్కా, సీరియస్‌గా చెప్తున్నా. నడుం లోతు నీళ్ళలో మిమ్మల్ని వదిలేసిన వాళ్ళ మీద కోపం రాకపోతే అప్పుడు నేను మీ గురించి కంగారుపడేవాణ్ణి.

గ్రీకు_పాఠం
14 ఆగస్టు, ఉదయం 9:35

365 లెక్క వాట్సాప్‌లో తిరిగేది. ఏ అనువాదం తీసుకుని ఎటు లెక్కేసినా అంత రాదు.

తిమోతి మాట కూడా సరిచూడండి. మన తెలుగు బైబిల్లో అక్కడ ఉన్నది "పిరికితనముగల ఆత్మ". గ్రీకులో మామూలు భయానికి ఫోబోస్ అంటారు. ఇక్కడ పౌలు వాడింది ఆ మాట కాదు, దెయిలియా, అంటే పిరికితనం. గుండె దడదడలాడటం పిరికితనం కాదు. దడ పుట్టి, చెయ్యాల్సిన పని వదిలేసి పారిపోతే అది పిరికితనం. అక్కగారు పారిపోలేదు, పిల్లాణ్ణి ఎత్తుకుని గ్రిల్ ఊపారు.

సెమినరీలో చదువుకున్నప్పుడు నన్ను బాగా పట్టుకున్న సంగతి ఒకటి చెప్తాను. ఎఫెసీ 4:26 అందరికీ నోటికొచ్చు: "కోపపడుడి గాని పాపము చేయకుడి." పౌలు సొంతంగా అన్న మాట కాదది, 4వ కీర్తన 4వ వచనం నుంచి ఎత్తుకొచ్చాడు. ఇప్పుడు మీ బైబిల్లో ఆ కీర్తన తీసి చూడండి. "భయమునొంది పాపము చేయకుడి" అని ఉంటుంది. అక్కడ భయం, ఇక్కడ కోపం! అచ్చు తప్పు కాదు. హెబ్రీలో ఉన్న మాట రగాజ్, అంటే వణకడం. కోపంతో వణికినా భయంతో వణికినా ఒకటే మాట. పాత గ్రీకు అనువాదం దాన్ని కోపం అంది, పౌలు దాన్నే వాడాడు. మన తెలుగు అనువాదకులు కీర్తనని హెబ్రీ నుంచి తెచ్చారు గనక భయం అన్నారు.

మనం మాత్రం వేరేగా అంటామా? భయంతో ఒళ్ళు వణికిందంటాం, కోపంతో ఒళ్ళు వణికిందంటాం. అక్కా, వాన పడితే మీకు వచ్చేదీ, ఆంటీగారిని చూస్తే వచ్చేదీ రెండు జబ్బులు కావేమో. ఆ పొద్దున మొదలైన ఒకటే వణుకు ఇంకా తగ్గలేదేమో.

సూదీదారం
14 ఆగస్టు, మధ్యాహ్నం 2:10

తీసి చూశాను తమ్ముడూ. నిజమే. ఇన్నేళ్ళుగా చదువుతున్నాను, ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆ వచనంలోనే తర్వాత "మీరు పడకలమీద నుండగా మీ హృదయములలో ధ్యానము చేసికొని ఊరకుండుడి" అని ఉంది. మా పడక నీళ్ళలో ఉబ్బి రెండు ముక్కలైంది, అది గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఏడాదిలో ఈ విషయం మీద నవ్వడం ఇదే మొదటిసారి.

మున్నేరు_గట్టు
14 ఆగస్టు, రాత్రి 8:44

అక్కా, మాది ఖమ్మం. అదే ఆదివారం మున్నేరు మా ఇంట్లోకి కూడా వచ్చింది. నేను నర్సుని. ఆ పొద్దున డ్యూటీలో ఉన్నా, ఇంట్లో మా అత్తమ్మ ఒక్కతే ఉండె. ఆమెని పక్కింటోళ్ళు పైకెక్కించిన్రు. నాకు దొరకాల్సినోళ్ళు నాకు దొరికిన్రు, అయినా ఆర్నెల్లు మా ఆయన మీద మండిపడ్డా, ఫోన్ ఎత్తలేదని. ఎత్తకపోవడానికి కారణం ఫోన్ నీళ్ళలో పడింది. కారణం తెలిసినా కోపం తగ్గలే. అందుకే తమ్ముడు చెప్పిన వణుకు మాట నాకు అర్థమైంది.

బాబు సంగతి ముందు. అటక మీద బ్యాగు పెట్టడం మాన్పించకు. వాడు తనకి తెలిసిన జాగ్రత్త తీసుకుంటున్నాడు. దాన్ని పని కింద మార్చు. ఇద్దరూ కూర్చుని ఒక సంచి సర్దండి: ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కులు ప్లాస్టిక్ కవర్లో, టార్చి, అమ్మమ్మ మందులు ఉంటే అవి. ఆ సంచికి వాడే ఇన్‌చార్జ్. సర్దాక ప్రార్థన చేసి పడుకోండి. భయం గద్దిస్తే పోయేది కాదు పిల్లల్లో, గద్దిస్తే దాచుకుంటారు. నిద్రలో కేకలు, పక్క తడపడం, బడికి పోననడం లాంటివి ఉంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, పైసా తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ళు కూడా చెయ్యొచ్చు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకుంటే దూత వచ్చి ప్రసంగం చెప్పలే. రొట్టె పెట్టి, నీళ్ళిచ్చి, పడుకోనిచ్చి, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టింది. మా వార్డులో మేము చేసేది గూడ అదే.

ఇంక ఆ మత్తయి 5:23. మళ్ళీ చదువు. "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను" ఉంటే అని కదా. అంటే తప్పు నీవైపు ఉన్నప్పటి మాట. నువ్వు వాళ్ళకేం చేసినవ్? బల్లకి దూరంగా ఉండాల్సింది నువ్వా? నీకు సరిపోయేది మత్తయి 18:15, "నీ సహోదరుడు నీయెడల తప్పిదము చేసినయెడల" అని మొదలయ్యేది. అక్కడ ఊరుకో అని లేదు. పోయి, ఒంటరిగా ఉన్నప్పుడు "గద్దించుము" అని ఉంది. నువ్వు గద్దించాల్సింది పిల్లాడి భయాన్ని కాదు.

బందరు_రోడ్డు
14 ఆగస్టు, రాత్రి 9:30

అసలు కోపం ఎవరి మీద పడాలండీ? వెలగలేరు దగ్గర బుడమేరు గేట్లెత్తేటప్పుడు కిందున్న జనానికి ఒక్క దండోరా వేసి ఉంటే ఇదంతా ఉండేదా? ఆ గండ్లు ఏళ్ళ తరబడి ఎవరు పట్టించుకోలేదో అందరికీ తెలుసు. అప్పుడున్నవాళ్ళూ

*(మిగతా భాగం తొలగించబడింది)*

నిర్వాహకుడు
14 ఆగస్టు, రాత్రి 9:52

పార్టీల గొడవ ఇక్కడ వద్దు, వేరే చర్చ తెరుచుకోండి. మొదటి వాక్యాలు ఉంచాను, అవి న్యాయమైన ప్రశ్నలే.

హైఫా_అక్క
15 ఆగస్టు, తెల్లవారుజామున 2:15

చెల్లీ, నాది కోనసీమ. ఇజ్రాయెల్‌లో, హైఫాలో ఒక ముసలావిడకి కేర్‌గివర్‌గా ఉంటున్నాను. జూన్‌లో ఆ 12 రోజులు ఇరాన్ క్షిపణులు వచ్చినప్పుడు ఇక్కడే ఉన్నాను. ముందు ఫోన్ గీపెడుతుంది, తర్వాత సైరన్. మహా అయితే నిమిషం, నిమిషంన్నర టైము. ఆవిడ చక్రాల కుర్చీలో ఉంటుంది, 87 ఏళ్ళు. రాత్రి మూడింటికి ఆవిణ్ణి మంచం మీంచి లేపి, కుర్చీలో వేసి, మమాద్ గదిలోకి తోసి, ఆ ఇనప తలుపు బిగించాలి. మమాద్ అంటే ఇంట్లోనే కాంక్రీటు గది. అక్కడ కూర్చుంటే పళ్ళు టకటకా కొట్టుకునేవి. ఆవిడది వేరే మతం, వేరే భాష. ఆవిడ తన మాటల్లో ఏదో గొణిగేది, నేను నా మాటల్లో. ఇద్దరం చదివేది ఆ కీర్తనలేనని చాలా రోజులకి తెలిసింది.

నాకు పనికొచ్చింది ఒకే ఒక్క వచనం. 56:3. "నాకు భయము కలుగు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." ఊపిరి పీలుస్తూ మొదటి సగం, వదులుతూ రెండో సగం. భయం కలగదు అని దావీదు అనలేదు. కలిగే రోజున ఏం చేస్తానో చెప్పాడు. అంతకంటే పెద్ద మాటలు ఆ గదిలో నా నోటికి రాలేదు.

ఇంకోటి. క్షిపణులు ఆగిపోయిన వారానికి నాకు పూనకం లాంటి కోపం వచ్చింది. నన్ను పంపిన ఏజెంటు మీద, తీర్చాల్సిన అప్పు మీద, "వచ్చేయవే" అని ఒక్కసారి కూడా అనని మా అన్నయ్య మీద. భయపడ్డన్నాళ్ళూ కోపానికి తీరిక లేదు. కాబట్టి నీకు ఏడాది తర్వాత ఇంత కోపం ఉందంటే అది పాతబడిన పాపం అనుకోకు. నీ ఒంటికి ఇప్పుడు కాస్త తీరిక దొరికిందేమో.

దివిసీమ_తాత
15 ఆగస్టు, ఉదయం 6:40

మా మనవరాలు టైపు చేస్తోంది, నేను చెబుతున్నాను.

అమ్మాయ్, మాదీ శనివారమే. 1977 నవంబరు 19. నాకు 24 ఏళ్ళు. ఉప్పెన సంగతి వివరంగా చెప్పను, నీకిప్పుడు అది వినే ఓపిక ఉండదు. పదివేల మందికి పైగా పోయారు. మా ఇంట్లో ఐదుగురు. నన్ను ఒక తుమ్మచెట్టు పట్టుకుంది, నేను దాన్ని పట్టుకున్నానని అనలేను.

తర్వాత రెండో ఆదివారమో మూడోదో, కప్పు లేని గుళ్ళో మిగిలినవాళ్ళం కూర్చున్నాం. మా అయ్యగారు ప్రసంగం చెప్పలేదు. 88వ కీర్తన తీసి చదివారు. మిగతా కీర్తనల్లో చాలావాటిలో ఎంత ఏడ్చినా చివర్లో ఎక్కడో ఒక స్తోత్రం తగులుతుంది. దీన్లో తగలదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. బంధువర్గమంతా పోయినవాళ్ళం అక్కడ కూర్చున్నాం. ఆయన బైబిలు మూసేసి మాతోపాటు కింద కూర్చున్నారు. మా నాన్న అప్పటిదాకా గుడి బయటే నిలబడి ఉన్నాడు, దేవుడితో మాట్లాడనని పంతం పట్టి. ఆ మాట విని లోపలికొచ్చాడు. "ఈ మాట కూడా ఆయన పుస్తకంలోనే ఉందా" అన్నాడు. అంతే.

నువ్వు ఆవిడ మెట్ల మీద పడాలనుకున్నావని రాశావు. అది ఆవిడతో అనకు, నీలో దాచనూ దాచకు. దేవుడితో అను. ఇంతకంటే ఘోరమైనవి 109వ కీర్తనలో ఉన్నాయి, ఒకసారి చదువు. ఆయన వింటాడు. యోనా ప్రవక్త మండిపడితే "నీవు కోపించుట న్యాయమా?" అని అడిగాడే గాని నోరు మూసుకోమనలేదు.

వాక్యం చాలు అని పేరు పెట్టుకున్న బాబుకి ఒక మాట. ఇప్పటికీ నా మంచం కింద ఇరవై గజాల కొబ్బరితాడు ఉంటుంది. తుపాను కబురొస్తే తీసి చేతికి దగ్గరగా పెట్టుకుంటాను. 48 ఏళ్ళుగా. నాకు విశ్వాసం లేదంటావా?

వాక్యం_చాలు
15 ఆగస్టు, ఉదయం 10:11

తాతగారూ, క్షమించండి. అలా అనను.

నిజం చెప్పాలంటే నేను లిఫ్ట్ ఎక్కను. ఆఫీసు ఆరో అంతస్తు. రోజూ మెట్లే. ఆరోగ్యం కోసమని అందరికీ చెప్తాను.

ఆదివారం_మాత్రమే
15 ఆగస్టు, ఉదయం 10:20

బ్రదర్, ఇవాళే మిమ్మల్ని మొదటిసారి ఇష్టపడ్డాను.

గ్రీకు_పాఠం
15 ఆగస్టు, మధ్యాహ్నం 12:05

తాతగారి మాటకి ఒక చిన్న చేర్పు. మార్కు 3:5లో ప్రభువే "కోపముతో" కలయచూశాడని ఉంది, దాని పక్కనే "దుఃఖపడి" అని కూడా. రెండూ ఒకే వాక్యంలో. మన కోపంలో దుఃఖం ఎంత ఉందో చూసుకుంటే అది ఎటు పోతోందో కొంత తెలుస్తుంది. దుఃఖం పూర్తిగా పోయి కోపం ఒక్కటే మిగిలితే అప్పుడు యాకోబు చెప్పింది మొదలవుతుంది, "నరుని కోపము దేవుని నీతిని నెరవేర్చదు" అని.

మున్నేరు అక్క అన్నది నాకు నచ్చింది గాని ఒక సందేహం. వాళ్ళు ఇంటి ఓనర్లు. గద్దిస్తే ఖాళీ చేయమంటే? పుస్తకంలో వచనం చెప్పడం నాకు తేలిక, అద్దె కట్టేది అక్కగారు.

మున్నేరు_గట్టు
15 ఆగస్టు, మధ్యాహ్నం 1:30

అది కూడా నిజమే. అయితే గద్దించడం అంటే కేకలెయ్యడమే అనుకోకు. ఒక వస్తువు అడుగు. "ఆంటీ, గ్రిల్‌కి రెండో తాళంచెవి నాకియ్యండి. వానాకాలం, పిల్లాడున్నాడు" అను. ఆ ఒక్క మాటలో ఆ పొద్దున జరిగిందంతా ఉంటది. ఆమెకి అర్థమైతది. అర్థం కానట్టు నటిస్తే అదీ నీకు తెలుస్తది.

క్షమించినవా లేదా అని రోజూ గుండెలో చెయ్యి పెట్టి వెతుక్కోకు. ముందు చెవి.

సూదీదారం
21 ఆగస్టు, రాత్రి 10:30

ఇన్ని రోజులు మాట్లాడనందుకు ఏమనుకోకండి, శ్రావణమాసం బ్లౌజులు.

109 చదివాను తాతగారూ. అమ్మో. మధ్యలో ఆపేశాను, అంత నాకు అక్కర్లేదనిపించింది. ఆపాక కాసేపు ఏడ్చాను. చిన్నాడు, నేను సంచి సర్దాం. లోపల వాడు బిస్కెట్ ప్యాకెట్, ఎదురింటి సాయిబుగారి ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టాడు. ఆ చీటీ వాడి ఆలోచనే.

తాళంచెవి అడగలేదు ఇంకా. రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళి గ్రిల్ పట్టుకున్నాను. ఆ ఇనుము చేతికి తగలగానే కాళ్ళు వణికాయి. కోపమో భయమో తెలియలేదు, గ్రీకు తమ్ముడు చెప్పినట్టే. వెనక్కొచ్చేశాను.

హైఫా_అక్క
22 ఆగస్టు, తెల్లవారుజామున 1:05

మెట్ల దాకా వెళ్ళావు కదా. పీలుస్తూ సగం, వదులుతూ సగం. మర్చిపోకు.

సూదీదారం
7 సెప్టెంబరు, రాత్రి 9:15

ఇవాళ మొదటి ఆదివారం. చెప్పాల్సింది ఉంది.

శుక్రవారం ఆంటీగారు బ్లౌజు కొలతలకి ఒక్కరే కిందికొచ్చారు. టేపు ఆవిడ భుజం మీద ఉండగానే అడిగేశాను, మున్నేరు అక్క చెప్పిన మాట చెప్పినట్టే. ఆవిడ కదల్లేదు. టేపు అలాగే పట్టుకున్నాను నేను కూడా. చాలాసేపయ్యాక అన్నారు: "చెవి నా చేతిలోనే ఉందమ్మా ఆ రోజు. అంకుల్‌కి అప్పటికి బైపాస్ అయి రెండు నెలలు. గేటు తీస్తే వీధంతా పైకొస్తుందని, ఈయనకేమైనా అవుతుందని వణికిపోయాను. నువ్వు పిలవడం వినపడింది."

వినపడింది అన్నారు. వినపడలేదని అబద్ధం చెప్తారనుకుని దానికి జవాబు ఏడాదిగా సిద్ధం చేసుకున్నాను. ఆ జవాబు పనికిరాకుండా పోయింది. క్షమించమని ఆవిడ అడగలేదు. క్షమించానని నేనూ అనలేదు. భుజం కొలత తప్పు రాసుకున్నాను, మళ్ళీ పిలవాలి.

ఇవాళ బల్లలో పాలుపంచుకున్నాను. ఆవిడ రెండు వరసల ముందే. అంకుల్ నా వైపు చూడలేదు, ఆయనకి ఈ సంగతి తెలుసో తెలియదో. ఆయన మీద కోపం ఇంకా ఉంది, దాని సంగతి రోజూ రాత్రి దేవుడికే చెప్పుకుంటున్నాను.

దివిసీమ_తాత
7 సెప్టెంబరు, రాత్రి 9:40

మంచిదమ్మా. ఇంతకీ చెవి ఇచ్చిందా?

సూదీదారం
7 సెప్టెంబరు, రాత్రి 9:52

నిన్న పొద్దున కిటికీలో పెట్టి వెళ్ళారు, మాట్లాడకుండా. చిన్నాడు దానికి ఎర్రదారం కట్టి మిషన్ పక్క మేకుకి తగిలించాడు. వాడికి అందే ఎత్తులో.

ఇప్పుడు సన్నగా వాన పడుతోంది. బ్యాగు అటక మీదే ఉంది. వాడు మాత్రం నిద్రపోయాడు.